టెక్ సందేహాలు: చిప్ పెడితే పాత పికప్ లాగుతుందా?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర. 2018 బొలెరో పికప్ ఉంది. బత్తాయి లోడుతో హైదరాబాద్ పోతుంటాను. పెళ్లిళ్ల సీజన్‌లో వెనక జనరేటర్ ట్రాలీ తగిలిస్తాను. ఈమధ్య ఎత్తు వస్తే మూడో గేర్‌లో కూడా లాగట్లేదు. ఆన్‌లైన్‌లో పవర్ పెంచే చిప్ అని ట్యూనింగ్ బాక్స్ అమ్ముతున్నారు, పెట్టించమంటారా?

జవాబు: వద్దు. మొన్నటిదాకా ఇదే లోడు లాగిన ఇంజన్ ఇప్పుడు మొరాయిస్తోందంటే, ఉన్న పవరే ఎక్కడో పోతోంది. అది ఎక్కడ పోతోందో బాక్స్ చెప్పదు.

అసలు ఆ బాక్స్ చేసే పని ఏమిటంటే, డీజిల్ రైల్లో (ఇంజన్‌కు డీజిల్ అందించే పైపులో) ప్రెజర్ కొలిచే సెన్సర్‌కూ ఇంజన్ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని ప్రెజర్ తక్కువ ఉందని అబద్ధం చెప్పడం. కంప్యూటర్ అది నమ్మి ప్రెజర్ పెంచుతుంది, ఇంజన్‌లోకి డీజిల్ ఎక్కువ పోతుంది. గాలి సరిపోని ఇంజన్‌లో డీజిల్ పెంచితే వచ్చేది నల్ల పొగ, వేడి. ఆ వేడి టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే ఫ్యాను) మీద పడుతుంది. పైగా కంపెనీ ఇచ్చినదాన్ని అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

బాక్స్ డబ్బుల్లో కొంచెం పెట్టి ఈఎల్ఎం327 బ్లూటూత్ స్కానర్ తీసుకోండి, బండి కంప్యూటర్‌లో ఉన్నది ఫోన్‌లో చూపిస్తుంది. చవకవాటిలో పనిచేయనివీ ఉంటాయి కాబట్టి రిటర్న్ ఉన్నచోటే కొనండి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ యాప్ తెరవండి. లోపం ఉంటే కోడ్ కనిపిస్తుంది. పీ0299 వస్తే టర్బో గాలి తక్కువవుతోంది. పీ0087 వస్తే డీజిల్ ప్రెజర్ తక్కువ, ముందు డీజిల్ ఫిల్టర్ చూడాలి.

కోడ్ ఏమీ రాకపోయినా బండి బాగున్నట్టు కాదు. మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ప్రెజర్ కొలిచేది) రీడింగ్ దొరికితే, ఇంజన్ ఆపి తాళం ఆన్ చేసినప్పుడు 95-100 కిలోపాస్కల్స్ మధ్య ఉండాలి. లోడుతో ఎత్తులో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే అది బాగా పైకి పోవాలి. అక్కడక్కడే ఆడుతుంటే టర్బో నుంచి వచ్చే హోస్ ఎక్కడ చిరిగిందో, క్లిప్పు ఎక్కడ వదులైందో వెతికించండి. చాలాసార్లు రోగం అంత చిన్నదే. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి, మన తోటల బాటల దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది.

అదే యాప్‌లో ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు), స్పీడు రెండూ గ్రాఫ్‌లో పెట్టండి. గేర్ మార్చనంతసేపు రెండూ కలిసే పెరగాలి. ఆర్‌పీఎం ఒక్కటే లేచి స్పీడు అక్కడే ఉంటే క్లచ్ ప్లేట్ జారుతోంది. ఇంజన్‌కు ఎంత పవర్ పెంచినా ఆ ప్లేట్ దాన్ని చక్రాల దాకా పోనివ్వదు. ఫోన్ మాత్రం పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి, మీ చేతిలో కాదు.

ఇక ట్రాలీ సంగతి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు ఎంతో ఒకసారి చదవండి, ఒక ట్రిప్పు వేబ్రిడ్జి ఎక్కించండి. కమాన్ పట్టీలు ఎక్స్‌ట్రా వేయిస్తే వెనక భాగం కుంగదు, అంతే. బ్రేకులు పాతవే, ఆర్‌సీలో అంకె కూడా పాతదే. ఓవర్‌లోడుకు 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000 జరిమానా. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సొంత బ్రేకులు లేకపోతే దిగుడులో అది మీ బండిని వెనక నుంచి నెడుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ రోడ్డులో దానితో దిగాలంటే నేనైతే ఒప్పుకోను, లోకల్ పెళ్లిళ్లకే ఉంచుకోండి.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి. అదే సాకెట్‌లో పెడితే పవర్, మైలేజ్ రెండూ పెరుగుతాయని చిన్న ప్లగ్ అమ్ముతున్నారు. నిజమేనా?

జవాబు: నైట్రో ఓబీడీ2 పేరుతో వచ్చినదాన్ని విప్పి చూసినవాళ్లకు లైట్లు మెరిపించే సర్క్యూట్ తప్ప ఇంకేం కనిపించలేదు. ఆ డబ్బుతో టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, మిగిలింది డీజిల్ పోయించుకోండి.