పేగు చుట్టలకు కారణం ఇరుకు కాదు

మీ అమ్మాయి సైన్సు ప్రదర్శన కోసం రబ్బరు గొట్టాన్ని డబ్బాలో కుక్కితే మెలికలు ప్రతిసారీ ఒక్కో తీరుగా వస్తున్నాయనీ, అసలు పేగులో మాత్రం అవి ఒక క్రమంలో ఎందుకుంటాయనీ అడిగారు. పొట్టలో చోటు చాలక పేగు ముడుచుకుంటుందన్న ఊహలోనే చిక్కంతా ఉంది.

పిండంలో పేగు మొదట తిన్నని గొట్టంగా ఉండి, మెసెంటరీ అనే పలుచని పొర ద్వారా వీపువైపు గోడకు అంటుకొని ఉంటుంది. గొట్టం ఆ పొరకంటే వేగంగా పెరగడంతో పొర సాగి బిగుసుకుంటుంది, ఆ బిగువుకు లోబడి గొట్టం మెలికలు తిరుగుతుంది. కోడి పిండాలపై హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, పేగును పొర నుంచి కోసి వేరు చేయగానే పేగు తిన్నగా సాగింది, పొర ముడుచుకుపోయింది. అంటే ప్రతి మెలికకూ విడిగా జన్యువు ఆదేశం అక్కరలేదు. పెరుగుదల వేగాల్లోని తేడా, కణజాలాల మందం, గట్టిదనం కలిసి చుట్ట పరిమాణాన్ని నిర్ణయిస్తాయి.

వారు రబ్బరుతో చేసిన నమూనానే మీరూ ప్రయత్నించవచ్చు. పలుచని రబ్బరు పొరను ఒక అంచు వెంట బాగా సాగదీసి, మెత్తని సిలికాన్ గొట్టాన్ని (తోటకు నీళ్లు పట్టే పైపు పనికిరాదు) ఆ అంచుకు దగ్గర దగ్గర కుట్లతో కుట్టి, పొరను నెమ్మదిగా వదలండి. చుట్టలు ఇంచుమించు ఒకే పరిమాణంలో వస్తాయి. మందమైన గొట్టంతో మళ్లీ చేస్తే అవి పెద్దవై, సంఖ్య తగ్గుతుంది.