యూనివర్సిటీ పాత రికార్డుల్లో మూతపడిన డిపార్ట్‌మెంట్ చరిత్ర దొరుకుతుందా?

ఎప్పుడో మూతపడిన ఒక డిపార్ట్‌మెంట్ గురించి రాద్దామనుకుంటే, యూనివర్సిటీ ఆర్కైవ్స్ కేటలాగులో దాని పేరు కొట్టినా దాదాపు ఏమీ రాలేదని, రికార్డులు పోయినట్టేనా అని అడిగారు. అప్పుడే ఆ నిర్ణయానికి రాకండి. ఇలాంటి పని మీదే నేనూ చాలాకాలం ఒక యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో కూర్చున్నాను. నా అనుభవంలో డిపార్ట్‌మెంట్ పేరుతో వెతికితే దొరికేది తక్కువ. దాని మంచిచెడ్డలు తేల్చిన ఆఫీసులు ఏవో కనుక్కుని, వాటి కాగితాలు అడగాలి.

లైబ్రరీలో పుస్తకాలను విషయం ప్రకారం సర్దుతారు. ఆర్కైవ్స్‌లో అలా ఉండదు. ఏ ఆఫీసు నుంచి వచ్చిన కాగితాలను ఆ ఆఫీసు కిందే, కలపకుండా ఉంచుతారు. ఫ్రాన్స్ ప్రభుత్వం 1841లో స్థానిక ఆర్కైవ్స్‌కు పంపిన సర్క్యులర్‌తో బలపడిన పద్ధతి ఇది. కాబట్టి ఒకే డిపార్ట్‌మెంట్ కథ రిజిస్ట్రార్ ఫైళ్లలో కొంత, ఫైనాన్స్ కమిటీ దగ్గర కొంత, భవనాల ప్లాన్లలో ఇంకొంత ఉంటుంది.

ముందు యూనివర్సిటీ ఏటా అచ్చువేసిన క్యాలెండర్లు (తేదీలవి కావు, డిపార్ట్‌మెంట్లు, అధ్యాపకుల వివరాలుండే పుస్తకాలు), వార్షిక నివేదికలు తిరగేయండి. డిపార్ట్‌మెంట్ ఏ ఏడు మొదలైంది, ఎవరు పాఠాలు చెప్పారు, ఏ ఏటి నుంచి పేరు మాయమైంది అన్నవి అక్కడే తేలిపోతాయి. ఎక్కువసేపు పట్టదు.

అసలు పని సెనేట్, సిండికేట్ సమావేశాల రికార్డులతో మొదలవుతుంది. పాలకమండలికి ఒక్కో చోట ఒక్కో పేరుంటుంది, అది చూసుకోండి. చాలామంది ఇక్కడ మినిట్స్ పుస్తకం చదివి లేచిపోతారు. మినిట్స్‌లో ఉండేది తీర్మానం మాత్రమే. ఎందుకలా తీర్మానించారో తెలియాలంటే ఆ సమావేశానికి ముందు సభ్యులకు పంపిన ఎజెండా కాగితాలు, వాటికి జతచేసిన అనుబంధాలు చూడాలి. ఇవి తరచూ వేరే కట్టల్లో ఉంటాయి, ప్రత్యేకంగా అడిగితే తప్ప బయటికి రావు.

నేను వెతికిన కోర్సు గురించి మినిట్స్‌లో ఉన్నది ఒకే వాక్యం: ప్రతిపాదనను తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది. ఆ తర్వాతి సమావేశంలో దాని ఊసే లేదు. ఎజెండా కట్ట తెప్పించుకుంటే అందులో ప్రొఫెసర్ రాసిన పొడవాటి లేఖ ఉంది, కావలసిన పరికరాల జాబితా ఉంది, దాని వెనక టైపు చేసిన ఖర్చుల అంచనా ఉంది. అంచనా పక్కన మార్జిన్‌లో ఎవరో ఎర్ర సిరాతో రాశారు, ‘ఏటేటా జీతాలు ఎవరిస్తారు?’ అని. పరికరాలకు దాత దొరికాడు, జీతాలకు దొరకలేదు. మేధోపరమైన విభేదాల వల్ల ఆగిపోయిందని అందరూ చెప్పుకునే కోర్సు అది! ఆ కాగితం చూశాక నేను ఏ నిర్ణయం గురించి వెతికినా ఫైనాన్స్ కమిటీ ఫైలు కూడా తప్పకుండా చూస్తున్నాను.

ఇక విద్యార్థులు. పాలనా రికార్డుల్లో వాళ్లు కనిపించేది అడ్మిషన్ రిజిస్టర్లో ఒక వరుసగా, లేదంటే అర్జీ పెట్టుకున్నప్పుడో క్రమశిక్షణ చర్య జరిగినప్పుడో. దాన్నే విద్యార్థి జీవితం అనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. విద్యార్థి సంఘం పుస్తకాలు, కాలేజీ మ్యాగజైన్లు, హాస్టల్ మెస్ ఫిర్యాదులు, పూర్వ విద్యార్థులు ఇచ్చిన డైరీలు, ఫొటోలు ఉన్నాయేమో అడగండి. ఇవి దొరికితే చరిత్రకు ప్రాణం వస్తుంది.

ఖాళీలు మాత్రం ఉంటాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1381 రైతుల తిరుగుబాటు సమయంలో పట్టణ ప్రజలు యూనివర్సిటీ పత్రాలను మార్కెట్ కూడలిలో తగలబెట్టారు. కానీ కాగితాలు ఎక్కువగా పోయేది రూల్స్ ప్రకారమే. జవాబు పత్రాల్లాంటివి గడువు తీరగానే తీసేస్తారు, మార్కుల రిజిస్టర్లు ఉంచుతారు. అలా తీసేసిన వాటి జాబితా కూడా ఒక రికార్డే. ఏ ఫైళ్లు ఉండేవో, వాటి నంబర్లేమిటో అందులో తెలుస్తుంది. ఆ నంబర్లు పట్టుకుని వెళ్తే ఇంకో ఆఫీసులో నకలు దొరికే అవకాశం ఉంది.

ఇంకో సంగతి. ఆక్స్‌ఫర్డ్ 1634లోనే బ్రయన్ ట్వైన్‌ను ఆర్కైవ్స్ సంరక్షకుడిగా నియమించింది. అంత ముందుచూపు అన్ని యూనివర్సిటీలకూ లేదు. ఆర్కైవ్స్ ఆలస్యంగా పెట్టిన చోట పాత ఫైళ్లు ఇంకా ఆఫీసు బీరువాల్లోనే ఉండొచ్చు, వచ్చినవి కూడా కేటలాగుకు ఎక్కకుండా పెట్టెల్లో ఉండొచ్చు. అందుకే ఆర్కైవిస్ట్‌కు రాసేటప్పుడు ‘ఈ డిపార్ట్‌మెంట్ గురించి ఏమున్నాయి?’ అని వదిలేయకుండా, ‘ఇంకా కేటలాగు చేయనివి ఏ ఆఫీసులవి, ఏ సంవత్సరాలవి?’ అని కూడా అడగండి. నాకు ఎక్కువ పనికొచ్చిన ప్రశ్న ఇదే.

విద్యార్థుల, ఉద్యోగుల వ్యక్తిగత ఫైళ్లు చాలా ఏళ్లపాటు మూసి ఉంచుతారు. దానికి కోపం తెచ్చుకోకండి. అందులో ఆరోగ్యం, కుటుంబ ఇబ్బందుల వివరాలు కూడా ఉంటాయి. ఏ ఫైలు ఎప్పుడు తెరుస్తారో అడిగి రాసుకోండి. ఈలోగా క్యాలెండర్‌లో డిపార్ట్‌మెంట్ పేరు చివరిసారి కనిపించిన ఏడాదీ, దానికి ముందు రెండు మూడేళ్లవీ ఫైనాన్స్ కమిటీ ఎజెండా కాగితాలు తెప్పించుకుని పని మొదలుపెట్టండి.