ట్రెడ్ బాగానే ఉన్నా టైరు పేలింది, తప్పు నాదవుతుందా?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో మోటార్‌హోమ్ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) కొని మూడేళ్లయింది. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలే, మిగతా రోజులంతా ఎండలో నిలిపే ఉంటుంది. మొన్న హైవే మీద వెనక జంట టైర్లలో లోపలిది పేలి, బండి అదుపు తప్పి పక్క కారును గుద్దింది. కారులో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. టైరు ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాళ్ల భాగం, కొత్తదానిలాగే ఉంది. ఇప్పుడు వాళ్ల లాయరు నోటీసు పంపారు, బీమా కంపెనీ టైర్ల వివరాలు అడుగుతోంది. టైరు పేలడం నా చేతిలో లేదు కదా? పాత టైర్లన్నీ పారేసి కొత్తవి వేయిద్దామనుకుంటున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొత్తవి తప్పకుండా వేయించండి, కానీ పాతవి పారేయకండి. పేలిన టైరును దొరికిన ముక్కలతో సహా, రిమ్మూ వాల్వూ కూడా కలిపి పక్కన పెట్టండి, పేలకుండా మిగిలినవాటినీ ఉంచండి. నోటీసు అందాక టైరు మాయమైతే, అది మీకు వ్యతిరేకంగా ఉంది కాబట్టే పోగొట్టారని కోర్టు అనుకునే వీలుంటుంది. నిజానికి ఆ టైరే మిమ్మల్ని కాపాడవచ్చు కూడా. గాలి తక్కువగా ఉండి నలిగిన టైరుకు, దేన్నో గట్టిగా తగిలి లోపల దెబ్బతిన్న టైరుకు, తయారీలోనే పొరలు సరిగా అతకని టైరుకు గుర్తులు వేరువేరుగా ఉంటాయి. నిపుణుడు చూసి చెప్పగలడు. తయారీ లోపమే అయితే బాధ్యత కంపెనీ మీదికి వెళ్తుంది, బరువుకు సరిపోని టైరు ఎవరైనా బిగించి ఉంటే వాళ్లనీ అడగవచ్చు.

ఇక 'నా చేతిలో లేదు' అన్న మాట. 1950లో బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ సౌత్ వేల్స్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ బస్సు కేసులో ఇలాంటి వాదనే విన్నది. టైరు పేలి బస్సు రోడ్డు దాటి గట్టు కిందికి పడిపోయింది, ప్రాణాలు పోయాయి. బయట నుంచి తగిలిన గట్టి దెబ్బ వల్ల టైరు లోపల చిట్లింది, పైకి కనిపించదు. అయినా కంపెనీ ఓడిపోయింది, ఎందుకంటే టైర్లకు అలాంటి దెబ్బలు తగిలినప్పుడు చెప్పమని డ్రైవర్లకు చెప్పే ఏర్పాటే అక్కడ లేదు. ఆ కంపెనీ బాధ్యత మీకన్నా పెద్దదే, నిజమే. కానీ అడిగే ప్రశ్న ఒకటే: పేలిన క్షణంలో మీరేం చేయగలిగేవారని కాదు, అంతకుముందు నెలల్లో ఏం చూశారని.

ట్రెడ్ బాగుందన్నది మీకు పెద్దగా పనికిరాదు, ఇది గట్టిగానే చెబుతున్నాను. ట్రెడ్ టైరు ఎంత తిరిగిందో చెబుతుంది, ఎంత ముసలిదయిందో చెప్పదు. మోటార్‌హోమ్ టైర్లు చాలాసార్లు అరిగేలోపే ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ బిరుసెక్కి పగుళ్లిస్తాయి. టైరు పక్కన DOT అన్న అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి, 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక పక్కన కనిపించకపోతే రెండో పక్కన చూడాలి, జంట టైర్లలో అది లోపలి వైపు ఉండిపోవచ్చు. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమని, పైకి ఎంత బాగున్నా తయారైన పదేళ్లకి స్టెప్నీతో సహా మార్చేయమని మిషెలిన్ లాంటి తయారీదారులే చెబుతారు. మీ టైరు అంతకన్నా పాతదైతే అవతలి లాయరు మొదట పట్టుకునేది ఆ అంకెలనే.

రెండోది గాలి. జంటలో లోపలి టైరు వాల్వు అందదని చాలామంది బయటిదే చూసి బయల్దేరతారు. ఒకదానిలో గాలి తగ్గితే బరువంతా రెండోదాని మీద పడుతుంది, తగ్గినది నలిగి వేడెక్కి పేలుతుంది. ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నీళ్లు, గ్యాసు, సామాను, మనుషులతో నిండిన బండిని కాటా మీద తూయించి, వీలైతే ఒక్కో చక్రం బరువూ తీసుకుని, దానికి తగ్గ గాలి పట్టించాలి. ఇవి మీరు చేసి ఉంటే రశీదులు, మెసేజీలు, ఫోటోలు ఏమున్నా వెతికి తీయండి. కొన్నప్పుడు టైర్ల గురించి అమ్మినాయన ఏమైనా రాసిచ్చి ఉంటే అదీ కావాలి, కొత్త టైర్లని చెప్పి పాతవి అంటగట్టి ఉంటే ఆయన మీద మీకు వేరే హక్కు ఉండవచ్చు.

చేయకపోతే చేయలేదనే చెప్పండి. ఇప్పుడు కూర్చుని పాత తేదీలతో డైరీ రాయొద్దు. నిర్లక్ష్యమని తేలినా ఎదుటివాళ్ల నష్టపరిహారం బీమా కట్టే అవకాశం ఉంటుంది, ఎందుకంటే బీమా తీసుకునేదే అలాంటి పొరపాట్ల కోసం. అబద్ధపు కాగితం పెడితే క్లెయిమ్ పోతుంది, మీ మీద క్రిమినల్ కేసు కూడా కావచ్చు. పాలసీలో వాహనాన్ని మంచి కండిషన్‌లో ఉంచాలన్న షరతు ఉందేమో, ఉంటే ఏ మాటల్లో ఉందో చదవండి.

దెబ్బలు తగిలినవాళ్లని ఎలా ఉన్నారని అడగడం మానొద్దు, అది మనిషిగా చేయాల్సిన పని. తప్పెవరిది, డబ్బెంత అన్న మాటలు మాత్రం మీరు నేరుగా మాట్లాడకండి. నోటీసు కాపీని ఈరోజే బీమా కంపెనీకి పంపి, అందులో ఇచ్చిన గడువు లోపల మీ ఊరి లాయరు చేత జవాబు ఇప్పించండి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు పాలసీ కాగితాలు, బండి కొన్నప్పటి కాగితాలు, ఆ నాలుగు అంకెలు స్పష్టంగా కనిపించే ఫోటోలు తీసుకెళ్లండి.