1954లో పోయిన మా నాయనమ్మ పేరు ఏ రిజిస్టరులో దొరికిందంటే

మీరు అడిగింది ఇదీ: తాతగారు 1962 ప్రాంతంలో పోయారు. వంశవృక్షం రాస్తున్నారు, తేదీ కావాలి. ఊళ్లో పంచాయతీ ఆఫీసుకి వెళ్తే "అంత పాతవి మా దగ్గర ఉండవు" అన్నారు. ఇంక వేరే దారేదైనా ఉందా అని.

ఉంది. మా నాయనమ్మ కోసం నేను ఆ దారి పట్టుకుని పద్నాలుగు నెలలు తిరిగాను. అందులో పదకొండు నెలలు తప్పు ఊళ్లో వెతికాను. మీకు ఆ తిరుగుడు తప్పుతుందేమోనని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. మరణం నమోదయ్యేది మనిషి బతికిన ఊళ్లో కాదు, పోయిన ఊళ్లో. ఇప్పుడున్న 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారమూ అంతే, అంతకుముందు ఊరి అధికారులైన గ్రామ మునసబులు రాసిన కాలంలోనూ అంతే. మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికోసం 1899లోనే ఒక చట్టం ఉండేది. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మునసబు పుస్తకంలో రాసేవాడు. సొంత ఊరివాడా, చుట్టపుచూపుగా వచ్చినవాడా అని కాదు, ఆ పొలిమేరలో జరిగిందా లేదా అన్నదే లెక్క.

ఇది తెలియక నేను మా సొంత ఊరి పుస్తకాలన్నీ తిరగేయించాను. మా నాన్నకి నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. "జ్వరం వచ్చి పోయింది" అన్నంతవరకే ఆయనకి తెలుసు. ఇంట్లో తేదీ ఎవరికీ గుర్తులేదు కానీ తిథి మాత్రం అందరికీ నోటికి వచ్చు: జయ నామ సంవత్సరం, మార్గశిర బహుళ పంచమి. ఏటా తద్దినం పెట్టేవాళ్లు కాబట్టి మరిచిపోయే ప్రసక్తే లేదు. తెలుగిళ్లలో వంశచరిత్ర రాసేవాళ్లకి ఇదొక వరం. తేదీ పోయినా తిథి మిగులుతుంది. తర్పణాల్లో మూడు తరాల పేర్లు చెబుతారు కాబట్టి పేర్లు కూడా మిగులుతాయి. మీ ఇంట్లో ఆ అలవాటు ఉంటే ఆఫీసుకి వెళ్లేముందు మీ పురోహితుణ్ణి అడగండి.

తిథిని తేదీగా మార్చడం కష్టమేమీ కాదు. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. జయ అంటే 1894 కావచ్చు, 1954 కావచ్చు, 2014 కావచ్చు. మా నాన్న వయసుని బట్టి 1954 అని తేలిపోయింది. పాత ఏళ్లకి పంచాంగం లెక్కగట్టి చూపే వెబ్‌సైట్లలో చూస్తే డిసెంబరు నడిమధ్యన వచ్చింది. మీకు చెప్పిన ఏడు శుభకృతు అయితే 1962 ఉగాది నుంచి 1963 ఉగాది దాకా అన్నమాట. మీ పెద్దవాళ్లు "శుభకృతులో పుష్య మాసం" అంటే మాత్రం అది చాలావరకు 1963 పుస్తకంలో వెతకాల్సిన కేసు. చాలామంది ఇక్కడే ఏడాది తేడాతో దెబ్బతింటారు. పైగా రిజిస్టర్లు ఇంగ్లిషు ఏడాది ప్రకారం, కబురు అందిన వరసలో రాసేవాళ్లు. డిసెంబరు చివర్లో పోయినవాళ్లు జనవరి పేజీల్లో తేలడం నేను కళ్లారా చూశాను.

మీది తెలంగాణ వైపు అయితే 1948కి ముందువాటిలో ఫసలీ, అంటే నిజాం కాలం నాటి ఏళ్ల లెక్క ఉంటుంది. దానికి 590 కలుపుకోండి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. నెలలు కూడా ఆజూర్, దై, బహమన్ అంటూ నడుస్తాయి, రాత ఉర్దూలో ఉంటుంది. చదివిపెట్టే పెద్దమనిషిని వెంట తీసుకెళ్లాల్సిందే.

సరే, మా కథలోకి వస్తాను. తేదీ చేతిలో ఉంది కదా అని ధీమాగా వెళ్లాను. ఒక ఆఫీసులో "ఆ కాలం పుస్తకాలన్నీ ఎప్పుడో కాలిపోయాయి" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారంటే నేనూ తేలిగ్గా నమ్మేశాను. ఆర్నెల్లు దాని జోలికే పోలేదు. తర్వాత అదే ఆఫీసులో ఇంకో గుమాస్తా వచ్చాక మళ్లీ అడిగితే, వెనక గదిలో బీరువా మీద గుడ్డలో కట్టిన మూటలోంచి 1951 నుంచి పుస్తకాలు బయటికొచ్చాయి. చెదలు కొంచెం తిన్నాయి, నిప్పు జాడ మాత్రం ఎక్కడా లేదు. అందుకే చెబుతున్నాను, నోటిమాటగా "లేవు" అంటే దాన్ని జవాబు కింద తీసుకోకండి. వెతికాం, దొరకలేదు అని కాగితం మీద రాసివ్వమనండి. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. అది రాయాలంటే ఎవరో ఒకరు నిజంగా లేచి పుస్తకం తీయాలి కదా.

పంచాయతీలో లేవన్న మాట నిజమే అయ్యుండొచ్చు కూడా. మీ తాతగారి కాలంలో మునసబు రాసిన లెక్కలు తాలూకా కచేరీకి చేరేవి. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ పంపకాల్లో ఏ కట్ట ఎటు పోయిందో ఊరూరికీ వేరే కథ. నేను చూసినంతవరకు పాత పల్లె రిజిస్టర్లు తహసీల్దారు ఆఫీసు రికార్డు రూములోనే ఎక్కువగా దొరుకుతాయి. అది కూడా మీ ఊరు ఇప్పుడున్న మండలంలో కాకుండా పాత తాలూకా కేంద్రంలో ఉండొచ్చు. కాబట్టి అర్జీలో ఇప్పటి మండలం, జిల్లాతో పాటు అప్పటి తాలూకా, అప్పటి జిల్లా పేరు కూడా రాయండి. ఒంగోలునే తీసుకోండి, 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ఇక 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రలోనూ జిల్లాలు మళ్లీ చీలాయి. పోయింది పట్నంలో అయితే ఈ గోలంతా లేదు, మున్సిపాలిటీకి తన రిజిస్టర్లు తనకే ఉంటాయి.

అర్జీ గురించి. "డెత్ సర్టిఫికెట్ ఇవ్వండి" అని నేను మొదట రాశాను. వెంటనే వచ్చిన ప్రశ్న "ఏ భూమి తగాదా?" అని. అరవై, డెబ్బై ఏళ్ల కిందట పోయిన మనిషి కాగితం కోసం ఎవరైనా వచ్చారంటే ఆఫీసువాళ్లకి తట్టేది అదొక్కటే. వాళ్లనేమీ అనను, మా చుట్టాలే అలా అనుకున్నారు. ఒక బాబాయి అయితే నేను పాత దస్తావేజులు కూడా తీయిస్తున్నానని ఊరంతా చెప్పాడు.

రెండోసారి ఇలా రాశాను: ఫలానా ఏడాది, ఫలానా ఊరి మరణాల రిజిస్టరులో ఫలానా పేరు వెతికించి, ఆ పద్దు నకలు ఇప్పించమని, కుటుంబ చరిత్ర రాసుకోడానికి మాత్రమేనని, సెర్చ్ ఫీజు కట్టడానికి సిద్ధమని. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే రిజిస్టరులో వెతికించుకోవచ్చు, వారసుడే అయ్యుండాలన్న షరతు లేదు. ఆ సెక్షన్ నంబరు అర్జీలో వేయండి. 1970కి ముందు పుస్తకాలకి కూడా నేను అదే పద్ధతిలో పెట్టాను, ఎవరూ కాదనలేదు. ఒకే తేదీ ఇవ్వకుండా ముందూ వెనకా రెండేళ్లు కలిపి అడగండి. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా కదలకండి.

జవాబే రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వేరే ఆఫీసుకి సంబంధించినదైతే మిమ్మల్ని తిప్పి పంపకుండా వాళ్లే అయిదు రోజుల్లో అక్కడికి పంపాలి. "ఆ ఏళ్ల మరణాల రిజిస్టర్లు ప్రస్తుతం ఏ ఆఫీసు స్వాధీనంలో ఉన్నాయి?" అన్న ఒక్క ప్రశ్న చాలు. నాకు పనికొచ్చింది ఆ ప్రశ్నే.

ఇంత చేసినా మా ఊరి 1954 పుస్తకంలో ఆవిడ పేరు లేదు, 1955లోనూ లేదు. ఇంక వదిలేద్దాం అనుకుంటున్నప్పుడు మా పెద్దత్త, అప్పటికి ఎనభై దగ్గర పడిన మనిషి, ఫోనులో మామూలుగా ఒక మాట అంది: "అప్పుడు అమ్మ ఊళ్లో ఎక్కడుందిరా, అమ్మమ్మ వాళ్లింట్లో ఉంది కదా." పదకొండు నెలలుగా నేను అడిగింది "నాయనమ్మ ఎప్పుడు పోయింది" అని. "ఎక్కడ పోయింది" అని ఎవర్నీ అడగలేదు.

నాయనమ్మ పుట్టిల్లు అక్కడికి నలభై కిలోమీటర్లు. తాలూకా వేరు, మునసబు వేరు. అక్కడి పుస్తకంలో డిసెంబరు పేజీలోనే ఉంది. పేరు నేను అనుకున్నది కాదు. ఇంట్లో అందరూ పిలిచే ముద్దుపేరు తప్ప అసలు పేరు మాకెవరికీ తెలియదు, "ఫలానావారి భార్య" అన్న మాటని బట్టి పోల్చుకున్నాను. ఆడవాళ్ల కోసం వెతికేటప్పుడు భర్త పేరు మీద, తండ్రి పేరు మీద రెండు రకాలుగానూ చూడండి. ఇంటిపేరు కూడా పుట్టింటిదే రాసిన పద్దులు ఆ పేజీల్లోనే రెండు కనిపించాయి.

కారణం గడిలో "జ్వరం" అని ఉంది. ఆ కాలం పుస్తకాల్లో కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, ఇలా నాలుగైదు మాటల్లోనే అందరి చావులూ సర్దేశారు, కాబట్టి దాన్ని డాక్టరు మాటగా తీసుకోకండి. ఇంకో సంగతి, మీకు చేతికిచ్చే నకలులో ఆ కారణం ఉండదు. చూపకూడదని అదే 17వ సెక్షన్ చెబుతోంది. గుమాస్తా పుస్తకం తెరిచి చూపించాడు కాబట్టి నా కంటపడింది.

ఆ వరసకి రెండు వరసల కింద ఇంకో పద్దు ఉంది. మగ శిశువు, తొమ్మిది రోజులు, తండ్రి పేరు మా తాతది. పేరు గడిలో అడ్డగీత.

కాన్పుకి పుట్టింటికి వెళ్లిందన్నమాట. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాన్నకి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "వాడికి పేరు పెట్టలేదా?" అని అడిగాడు.

అందుకని దొరికిన పేజీలో మీకు కావాల్సిన వరస ఒక్కటే చూసి లేచిపోకండి. పైనా కిందా ఓ నెల రోజుల పద్దులు చదవండి. ఒకే ఇంటిపేరు వారం తేడాలో మూడుసార్లు వచ్చిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగింది.

ఒక హెచ్చరిక. పద్దు దొరక్కపోతే "అఫిడవిట్ వేసి కొత్తగా నమోదు చేయించేద్దాం సార్" అనేవాళ్లు తగులుతారు. ఏడాది దాటిన మరణాన్ని అధికారి ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించుకునే వీలు చట్టంలోనే ఉంది. 2023లో చేసిన సవరణ తర్వాత అది జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేతిలో ఉంది. ఆస్తి పనికి అవసరమైతే చేయించుకోండి. వంశచరిత్రకి మాత్రం అది పైసాకి పనికిరాదు. మనం చెప్పిన తేదీనే ముద్ర కొట్టి మనకి తిరిగిస్తారు, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. దానికన్నా భూమి లెక్కల్లో తాతగారి పేరు తీసి కొడుకుల పేర్లు ఎక్కించిన ఏడు చూసుకోవడం నయం. తేదీ తెలియకపోయినా "ఈ ఏటికి లేరు" అని తేలుతుంది. క్రైస్తవ కుటుంబాలైతే చర్చిలో సమాధుల రిజిస్టరు అడగండి, ప్రభుత్వ పుస్తకం కన్నా శుభ్రంగా ఉంటుంది. పాత ఉత్తరాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చావు కబురు కార్డుని చదివిన వెంటనే చింపేయడం మా ఇంట్లో ఆచారం, మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది.

ఇప్పుడు మీ తాతగారి సంగతి. 1962 అంటున్నారు కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారేమో ముందు కనుక్కోండి. ఆ రోజుల్లో పెద్ద జబ్బు చేస్తే గుంటూరో, విశాఖపట్నమో, హైదరాబాదో తీసుకెళ్లేవాళ్లు. కోస్తా, రాయలసీమ వాళ్లు మద్రాసు, వెల్లూరు కూడా వెళ్లేవాళ్లు. క్షయ అయితే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం. అక్కడే పోయి ఉంటే దహనం మీ ఊళ్లో జరిగినా సరే, పద్దు ఆ పట్నం పుస్తకంలో ఉంటుంది. మద్రాసైతే చెన్నై కార్పొరేషన్‌ని అడగాలి.

ఇంట్లోనే పోయారా, ఆసుపత్రిలోనా, అప్పటి తాలూకా ఏది, ఈ మూడూ కనుక్కుని కింద కామెంటులో రాయండి. నా అర్జీ కాపీ పేర్లు తీసేసి పెడతాను, మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు.