మన "అని"కి ఇంగ్లీషులో జోడీ లేదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఉద్దానంలో మీ ఊరు, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటుతున్న ఆ గంటా రెండు గంటలు, తలుపుకి అడ్డంగా రోకలి పెట్టి దానికి వీపు ఆనించి కూర్చున్న మీ మామ్మ, అదంతా నా కళ్ళ ముందే జరిగినట్టుంది. ఇంగ్లీష్‌లో రాయాలన్న నీ పట్టుదల కూడా నాకు నచ్చింది. కానీ ఒకటి గట్టిగా చెప్పాలి, కథలో మనుషులు నోరు తెరిచిన ప్రతి చోటా నీ వాక్యం కుంటుతోంది. రిపోర్టెడ్ స్పీచ్ టేబుల్ నీకు రాదని కాదు, ఇంటర్‌లో డైరెక్ట్ ఇన్‌డైరెక్ట్ ప్రశ్నకి ఎప్పుడూ ఫుల్ మార్కులేనని నువ్వే రాశావు కదా. మరి తేడా ఎక్కడొస్తోందంటే, నువ్వు మన "అని"ని అలాగే ఎత్తుకెళ్ళి ఇంగ్లీష్‌లో దింపేస్తున్నావు.

"నేను రేపు రాను అని మామ్మ చెప్పింది." ఈ వాక్యం చూడు. మామ్మ నోట్లోంచి వచ్చిన మాట ఎక్కడా విరగలేదు, నేను నేనుగానే ఉంది, రేపు రేపుగానే ఉంది, వెనకాల ఒక "అని" తగిలించాం అంతే, కోట్స్ కూడా అక్కర్లేదు, ఆ "నేను" మామ్మే అని వినేవాళ్ళకి తెలిసిపోతుంది. ఇంగ్లీష్ ఇలా ఊరుకోదు. కోట్స్‌లో పెట్టినంతసేపూ ఆ మాట మామ్మది. కోట్స్ తీసేసి దట్ పెట్టావా, ఇంక ఆ మాట చెప్తున్నది నువ్వు, కాబట్టి నువ్వు నిలబడిన చోటు నుంచి, నువ్వు చెప్తున్న రోజు నుంచి చెప్పాలి. అందుకే ఐ కాస్తా షీ అవుతుంది, వోంట్ కాస్తా వుడెంట్ అవుతుంది, టుమారో కాస్తా ద నెక్స్ట్ డే అవుతుంది. షీ సెడ్ దట్ షీ వుడెంట్ కమ్ ద నెక్స్ట్ డే. స్కూల్లో వీటిని మూడు వేరువేరు రూల్స్ కింద బట్టీ పట్టించారు గానీ నిజానికి ముగ్గురూ ఒక తల్లి పిల్లలే, "చెప్తున్నది ఎవరు, ఎక్కడ నిలబడి, ఎప్పుడు" అనే ఒక్క ప్రశ్నలోంచి పుట్టినవే.

ఇది నాకు తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. నా మొదటి ఇంగ్లీష్ కథలో మా తాత "రేపు నేను భూమి అమ్మేస్తాను" అంటాడు, పదేళ్ళ నేను వింటాను. నేనేం రాశానంటే, గ్రాండ్‌ఫాదర్ సెడ్ దట్ ఐ విల్ సెల్ ద ల్యాండ్ టుమారో. ఒక పత్రికకి పంపాను. కథ తిరిగొచ్చింది, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకటే ప్రశ్న, పదేళ్ళ పిల్లాడు భూమి ఎలా అమ్ముతాడు అని. ఆ కాగితం పట్టుకుని పెద్ద చెరువు గట్టు మీద చీకటిపడేదాకా కూర్చున్నాను. కథంతా మా తాత దుఃఖం, దాన్ని ఒక్క ఐ తీసుకెళ్ళి నా నెత్తిన పెట్టేసింది. అప్పట్నుంచి కోట్స్ లేకుండా ఐ రాసిన ప్రతిసారీ చెయ్యి ఆపి, ఇది ఎవరి ఐ అని చూసుకుంటాను. నీ మూడో పేజీలో మీ నాన్నగారు టౌన్ నుంచి ఫోన్ చేసే చోట కూడా సరిగ్గా ఇదే జరిగింది, చూసుకో.

ఇంకోటి, నీ కథలో "ఆస్క్‌డ్ దట్" నాలుగు చోట్ల ఉంది. షీ ఆస్క్‌డ్ దట్ వేర్ ఆర్ యూ గోయింగ్. మనకి చెప్పినా అడిగినా అనుకున్నా భయపడినా అన్నిటికీ అదే "అని" కాబట్టి ఈ తప్పు మన వైపు అందరూ చేస్తారు. ఇంగ్లీష్‌లో ప్రశ్న పక్కన దట్ నిలబడదు. వేర్, వై, హౌ లాంటి మాట ఉంటే రెండు ముక్కల్నీ కలిపే కొక్కెం అదే, షీ ఆస్క్‌డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్, అంతే. అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నయితే ఇఫ్ గానీ వెదర్ గానీ. ఇంకా చూడు, వేర్ ఆర్ యూ అని తిరగబడిన వరస మళ్ళీ నిటారుగా అయిపోయింది, వేర్ ఐ వజ్, ఎందుకంటే ఇప్పుడు నువ్వు ప్రశ్న వేయడం లేదు, ఒక ప్రశ్న గురించి చెప్తున్నావు. చివర్లో క్వశ్చన్ మార్క్ కూడా ఉండదు.

సే, టెల్ సంగతి చిన్నదే, రెండిటికీ మనకి "చెప్పు" ఒకటే కాబట్టి తడబడతాం. టెల్‌కి వినేవాడు పక్కనే కావాలి, టోల్డ్ మి, టోల్డ్ హర్. సే‌కి అక్కర్లేదు, కావాలంటే సెడ్ టు మి. హీ టోల్డ్ దట్, హీ సెడ్ మి, రెండూ కొట్టేయ్. "వెళ్దాం అన్నాడు" దగ్గర సజెస్టెడ్ మి టు గో అని రాశావు, అది సజెస్టెడ్ గోయింగ్, లేకపోతే సజెస్టెడ్ దట్ వుయ్ గో.

అన్నట్టు, ప్రతి "అని" మాటని మోసేది కూడా కాదు. "అమ్మని చూద్దామని వచ్చాను" అంటే ఎవరూ ఏమీ అనలేదు, అది ఉద్దేశం, ఐ కేమ్ టు సీ మై మదర్ అంటే సరిపోతుంది.

ఇప్పుడు టెన్స్ దగ్గర కొంచెం ఓపిగ్గా కూర్చో, ఎందుకంటే రచయితకి అసలు పని ఇక్కడే ఉంది. సెడ్ వచ్చింది కాబట్టి ఈజ్‌ని వజ్ చేసెయ్, హాజ్‌ని హాడ్ చేసెయ్ అని పరీక్షకి చదివావు. షీ సేస్ అని వర్తమానంలో మొదలుపెడితే టెన్స్ ఏదీ మారదు, అది నీకు తెలుసు. కానీ సెడ్ అన్నా కూడా, ఆ మాట ఇప్పటికీ నిజమైతే ఈజ్‌ని ఈజ్‌లాగే ఉంచొచ్చు. ఎంచుకోవలసింది నువ్వు, నువ్వు ఎంచుకున్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. నీ కథలో తుఫానుకి ముందు మీ మామ్మ ఎవరితోనో "మా తోటలో రెండొందల జీడిచెట్లున్నాయి" అంటుంది. షీ సెడ్ దట్ అవర్ గ్రోవ్ హాజ్ టూ హండ్రెడ్ ట్రీస్ అని హాజ్ పెట్టావు. హాజ్ అంటే నువ్వు చెప్తున్న ఈ రోజుకీ ఆ చెట్లున్నాయని. తెల్లారేసరికి అవి వేళ్ళతో సహా పడిపోయాయని నువ్వే తర్వాతి పేజీలో రాశావు కదా తమ్ముడూ. అక్కడ హాడ్ అని పెట్టి చూడు, ఇంకా గాలే మొదలవ్వలేదు, అయినా ఆ హాడ్‌లో చెట్లు అప్పుడే లేకుండా పోయిన చప్పుడు వినిపిస్తుంది. టేబుల్‌లో ఒక గడిగా బట్టీ పట్టిన మార్పు కథలో అంత పని చేస్తుంది. అలాగని ప్రతి పాస్ట్‌నీ హాడ్‌తో బరువెక్కించకు, సంవత్సరం చెప్పేశాక మామూలు పాస్ట్ చాలు, షీ సెడ్ షీ గాట్ మ్యారీడ్ ఇన్ 1962 అంటే ఎవరికీ అనుమానం రాదు.

టుమారో సంగతీ ఇంతే. పొద్దున్న విన్నది సాయంత్రం చెప్తుంటే రేపు ఇంకా రేపే, దాన్ని ద నెక్స్ట్ డే చెయ్యక్కర్లేదు. హియర్ కూడా అంతే, నువ్వు ఆ ఇంట్లోనే కూర్చుని చెప్తుంటే హియర్ హియరే.

తెలుగులో ఇంకో బంగారం లాంటి మాట ఉంది, "ట". విజయనగరం స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఎవరో అంటారు, "బండి గంట లేటట". ఎవరు చెప్పారో తెలీదు, కానీ నేను చూసింది కాదు, విన్నది, పూచీ నాది కాదు అని ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. ఇంగ్లీష్‌లో ఆ అక్షరం లేదు, ఎపారెంట్లీ అనో, దే సే అనో, ఐ హర్డ్ అనో ఏదో ఒకటి కావాలని పెట్టుకోవాలి. నీ కథలో చీకట్లో ఎవరో అరుస్తారు, "సముద్రం ఊళ్ళోకొచ్చీసిందట!" అని. నువ్వు ద సీ కేమ్ ఇంటు ద విలేజ్ అని రాసేశావు. చదివేవాడు నమ్మేస్తాడు, నీళ్ళ కోసం ఎదురుచూస్తాడు, రాకపోతే మోసపోయాననుకుంటాడు. ఆ రాత్రి భయమంతా తెలియకపోవడంలోనే ఉంది, సమ్‌వన్ షౌటెడ్ దట్ ద సీ హాడ్ కమ్ ఇన్, అలా రాయి, ఆ పుకారు పుకారుగానే ఉండాలి.

ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో దట్, ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్, ఇవి పరీక్ష పేపర్లో వదిలేసి రా. ఏడుస్తున్న మనిషిని అలా రాస్తే ఆ ఏడుపు చచ్చిపోతుంది.

ఇంత చెప్పాక ఒక మాట అడుగుతావు, మరి ఎప్పుడు కోట్స్, ఎప్పుడు రిపోర్ట్ అని. నేను చేసేది చెప్తాను. సమాచారం మోసే మాటలన్నీ రిపోర్ట్ చేసేస్తాను, బస్సు ఎన్నింటికి, ఎవరు ఫోన్ చేశారు, ధర ఎంత, అవి త్వరగా వెళ్ళిపోవాలి. మనిషి కనబడే మాటని మాత్రం కోట్స్‌లోంచి కదపను. కరెంట్ పోయాక మీ మామ్మ తలుపు వైపు చూస్తూ లోపల్లోపల అనుకునే చోట మాత్రం కోట్స్ వద్దు, దట్ వద్దు, వుడ్ ద లైట్స్ కమ్ బ్యాక్ టుమారో? అని వదిలెయ్. వుడ్ నీది, టుమారో ఆవిడది, ఇద్దరూ ఒకే వాక్యంలో కూర్చున్నారు చూడు. ఇంగ్లీష్‌లో మన "అని"కి కొంచెం దగ్గరగా వచ్చేది నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక ఆరో పేజీ. నువ్వు గుమ్మం దాటబోతుంటే ఆవిడ ఆపే చోటు. మై గ్రాండ్‌మదర్ టోల్డ్ దట్ డోంట్ గో అవుట్‌సైడ్ అని ఉంది. గ్రామర్ సరిచేస్తే టోల్డ్ మి నాట్ టు గో అవుట్‌సైడ్ అవుతుంది, తప్పేమీ ఉండదు, కానీ అక్కడ నాకది సరిపోలేదు. రెండొందల చెట్లు బయట ఒక్కొక్కటీ కూలుతున్న చప్పుడు వింటూ ఆ మనిషి అంత పొడిగా అని ఉండదు. మన వైపు ఆడవాళ్ళు అలాంటప్పుడు "సెట్లు పడిపోతే పడిపోనీరా, నువ్వు మాత్రం గుమ్మం దాటకు" లాంటిదేదో అంటారు, అయితే అది నేను ఊహించినది, ఆవిడ అన్నది కాదు. సంక్రాంతికి ఊరెళ్తావు కదా, పెరట్లో కూర్చోబెట్టి అడుగు ఆవిడని, ఆ రాత్రి సరిగ్గా ఏ మాటన్నారో. ఏదంటే అది తెలుగులోనే, ఆవిడ యాసలోనే కాగితం మీద రాసుకుని నాకు పంపు, ఇంగ్లీష్‌లో ఎలా నిలబెట్టాలో ఆ తర్వాత ఇద్దరం కలిసి చూద్దాం.

ఉంటాను,
మీ అన్నయ్య
విజయనగరం