స్పెషల్ ఫోర్సెస్ మీద పేపర్ రాసే ముందు

చి. రవికి ఆశీస్సులు.

స్పెషల్ ఫోర్సెస్ మీద యూనిట్‌లో పేపర్ చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు అని రాశావు. ఆయుధాలతో మాత్రం మొదలుపెట్టకు. ఏ రైఫిల్, ఏ నైట్ విజన్ అన్నది నీ ఎదురుగా కూర్చునేవాళ్లకు తెలిసిందే. ఆర్డర్ ఎవరిస్తారు, సమాచారం ఎవరు తెస్తారు, అక్కడిదాకా ఎవరు చేరుస్తారు, వెనక్కి ఎలా తెస్తారు? ఈ నాలుగు ప్రశ్నలూ పట్టుకో.

మన ఏర్పాటు ఒక్క పేరాలో చెప్పేయ్. పారా ఎస్ఎఫ్ ఆర్మీది, 1987లో పుట్టిన మార్కోస్ నేవీది, 2004లో వచ్చిన గరుడ్ వాయుసేనది. ఎన్‌ఎస్‌జీ (నేషనల్ సెక్యూరిటీ గార్డ్) హోం శాఖ కింద ఉంటుంది, దాన్ని వీటితో కలిపేయకు. ఈ మూడింటినీ కలిపి నడపాలని 2019లో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ స్పెషల్ ఆపరేషన్స్ డివిజన్ పెట్టారు. రక్షణ వ్యవస్థలో సంస్కరణలు సూచించిన నరేశ్ చంద్ర కమిటీ 2012లోనే ఏకంగా ఒక కమాండ్ కావాలంది. నా అభిప్రాయమూ అదే. ఎందుకంటావా, 1980లో ఇరాన్‌లోని టెహ్రాన్‌లో బందీలైన తన వాళ్లను విడిపించడానికి అమెరికా వెళ్లినప్పుడు హెలికాప్టర్లు నేవీవి, పైలట్లలో ఎక్కువమంది మెరైన్లు, దాడి చేయాల్సింది ఆర్మీ డెల్టా ఫోర్స్, రవాణా విమానాలు వాయుసేనవి. అందరూ కలిసి ఒక్క పూర్తి రిహార్సల్ కూడా చేయలేదు. ఎనిమిది హెలికాప్టర్లు బయల్దేరితే పనికొచ్చేవి ఐదు మిగిలాయి, కావాల్సింది ఆరు. వెనక్కి తిరిగే వేళ ఒకటి విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది పోయారు. ఆ దెబ్బతోనే 1987లో వాళ్లు ప్రత్యేక కమాండ్ పెట్టుకున్నారు.

శ్రీలంకలో మన శాంతిసేన ఉన్నప్పటి జాఫ్నా దగ్గర మాత్రం ఆగి నింపాదిగా చెప్పు. 1987 అక్టోబర్ 11 రాత్రి. ఎల్‌టీటీఈ నాయకులను పట్టుకోవడానికి 10వ పారా కమాండో బెటాలియన్ వాళ్లను, వెనకే 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ (సిక్కు ఎల్ఐ) బెటాలియన్ జవాన్లను ఎంఐ-8 హెలికాప్టర్లలో యూనివర్సిటీ మైదానంలో దించాలని ప్లాన్. మన వైర్‌లెస్ మాటలు అవతలివాళ్లు ముందే విని కాచుకున్నారు. తూటాలు తగిలిన హెలికాప్టర్లు మళ్లీ రాలేకపోయాయి. సిక్కు ఎల్ఐ నుంచి దిగింది 30 మందే. వాళ్లలో 29 మంది చనిపోయారు, ఒక్కరు పట్టుబడ్డారు. చిక్కుకున్న కమాండోలను చివరికి ట్యాంకులు వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. ధైర్యంలో లోటెక్కడా లేదు రవీ. నా నాలుగు ప్రశ్నల్లో మూడింటికి అక్కడ జవాబు లేదు, అంతే.

దాని పక్కనే 2024 మార్చి నాటి ఎంవీ రుయెన్ ఓడ సంగతి పెట్టు. సోమాలీ దొంగలు హైజాక్ చేసిన ఆ ఓడను మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా అడ్డగించింది. మన తీరానికి 2,600 కి.మీ. దూరంలో వాయుసేన రవాణా విమానం సీ-17 నుంచి మార్కోస్‌నూ వాళ్ల పడవలనూ సముద్రంలోకి వదిలారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. వాయుసేన విమానం, నేవీ ఓడ లేకపోతే ఆ కమాండోలు ఏం చేయగలరు?

"ఎప్పుడు వాడకూడదు?" అని నీ సీఓ (కమాండింగ్ ఆఫీసర్) తప్పక అడుగుతారు. మామూలు బెటాలియన్ చేయగల పనికి వాడకూడదని మొహమాటం లేకుండా చెప్పు. అలాంటి జవాను తయారవడానికి ఏళ్లు పడుతుంది, యుద్ధం వచ్చాక హడావిడిగా తయారుచేయలేం. శత్రువు వెనక రోజుల తరబడి నక్కి ఉండి, చూసింది చూసినట్టు చెప్పడం కూడా వాళ్ల పనే. దాడుల సందడిలో అది మరిచిపోకు.

20 నిమిషాల్లో సగం జాఫ్నాకివ్వు. మ్యాప్ పెద్దది వేయించు. హెలికాప్టర్లు దిగిన మైదానం, ట్యాంకులు వచ్చిన రైల్వే లైన్ రెండూ వెనక వరుసకు కనబడాలి.

మీ పెదనాన్న