లోన్ యాప్ ప్రకటన పేరు మార్చుకుని మళ్లీ వస్తోంది... ఆపించేదెలా?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. ‘ఐదు నిమిషాల్లో 50 వేలు, పత్రాలు అక్కర్లేదు, వడ్డీ సున్నా’ అని ఫోన్లో వచ్చిన ప్రకటన నమ్మి మా తమ్ముడు ఓ యాప్‌లో అప్పు తీసుకున్నాడు. ఐదు వేలు మంజూరైందన్నారు, ఖాతాలో పడింది మూడు వేలే. ఏడో రోజుకల్లా ఐదు వేలూ కట్టమన్నారు. బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తుంటే తట్టుకోలేక కట్టేశాం. ఇప్పుడు అదే ప్రకటన ఇంకో పేరుతో మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ వస్తోంది. ఇలాంటి ప్రకటనలను అడ్డుకునే చట్టం లేదా? ప్రకటన ఇచ్చినవాళ్ల మీద, దాన్ని చూపిస్తున్న కంపెనీ మీద కేసు పెట్టొచ్చా? – ఓ సోదరి, తిరుపతి

జవాబు: పెట్టొచ్చమ్మా. అయితే లోన్ ప్రకటనల కోసమే చేసిన ఒకే చట్టం పట్టుకుని వెళ్లే వీలు లేదు. అనుమతి లేని అప్పుల వ్యాపారాన్ని నిషేధించే బిల్లు ముసాయిదాను కేంద్రం 2024 డిసెంబర్‌లో బయటపెట్టింది కానీ, ముసాయిదా చూపించి ఎవరి మీదా ఫిర్యాదు రాయలేం. ఉన్న చట్టాల్లోంచే ఏరుకోవాలి. ఒకే కాగితాన్ని నాలుగు చోట్లకు పంపితే నాలుగు చోట్లా మూలన పడుతుంది. ప్రకటన చూపిన కంపెనీకి ఒక కారణం, కలెక్టర్‌కు ఒకటి, రిజర్వ్ బ్యాంకుకు ఒకటి, పోలీసులకు ఒకటి చెప్పాలి.

ముందు లెక్క చూద్దాం, ఫిర్యాదులో ఇదే మొదటి పేరా కావాలి. చేతికొచ్చింది 3,000, వారంలో కట్టింది 5,000. అంటే మూడు వేల మీద ఏడు రోజులకు రెండు వేలు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు సుమారు 285 రూపాయల వడ్డీ. ఏడాదికి 3,400 శాతం పైమాటే. ‘ప్రాసెసింగ్ ఫీజు’ అని వాళ్లు పేరు పెట్టినా ఫరక్ లేదు. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అప్పు ఇచ్చేముందే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’లో చూపాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. అందులో లేని ఫీజు వసూలు చేయకూడదు. ఆ కాగితం మీ తమ్ముడికి రాలేదంటే, ‘వడ్డీ సున్నా’ అన్న మాట అబద్ధమని రుజువు చేయడానికి బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని రెండు వరుసలు చాలు: మూడు వేలు జమ, ఐదు వేలు ఖర్చు.

ఆ రెండు వరుసల్లోనే ఇంకో సంగతి ఉంది. జమ అయిన మూడు వేలు ఎవరి పేరు నుంచి వచ్చాయో చూడండి. డిజిటల్ అప్పుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో ఇచ్చి, 2025 మే 8న మళ్లీ క్రోడీకరించిన నియమాల ప్రకారం సొమ్ము బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ) ఖాతా నుంచే నేరుగా అప్పు తీసుకున్నవాళ్ల ఖాతాకు రావాలి. తిరిగి కట్టేదీ నేరుగా ఆ బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ ఖాతాకే పోవాలి. మధ్యలో యాప్ వాళ్ల ఖాతా ఉండకూడదు. ఎవరిదో వ్యక్తిగత యూపీఐ ఐడీ, ఏదో ‘ట్రేడర్స్’, ‘ఎంటర్‌ప్రైజెస్’ పేరు కనిపిస్తే ఆ అప్పు నియమాల ప్రకారం నడవలేదన్నమాట. యాప్ వెనక రిజిస్టరైన సంస్థే లేకపోతే అది మరింత పెద్ద నేరం. రిజిస్ట్రేషన్ లేకుండా ఎన్‌బీఎఫ్‌సీ వ్యాపారం చేయడం రిజర్వ్ బ్యాంకు చట్టం సెక్షన్ 45-ఐఏకి విరుద్ధం. దానికి ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంటుంది.

బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు వాడే లోన్ యాప్‌ల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంది. అయితే పేరు కలిసిందని నమ్మేయకండి. అది సంస్థలు తామే ఇచ్చుకున్న జాబితా. అసలు యాప్ పేరుకు ఒక అక్షరం కలిపి నకిలీని వదలడం ఈ వ్యాపారంలో రోజూ జరిగే పనే. పేరుతోపాటు డౌన్‌లోడ్ లింకూ, వెనకున్న సంస్థ పేరూ సరిపోవాలి.

ఇక ప్రకటన. వారం రోజుల అప్పు ఇవ్వడం దానంతటదే నేరం కాదు. రిజిస్టరైన సంస్థ తక్కువ గడువుతో అప్పివ్వవచ్చు. కానీ ప్రకటనలు చూపే కంపెనీల సొంత రూల్స్ ఇక్కడ చట్టం కంటే కఠినం. అప్పు ఇచ్చిన 60 రోజుల్లోపే మొత్తం తిరిగి కట్టాల్సిన వ్యక్తిగత రుణాల ప్రకటనలను గూగుల్ 2016 నుంచే ఒప్పుకోవడం లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు నడిపే మెటా 90 రోజులు, అంతకంటే తక్కువ గడువున్న రుణాల ప్రకటనలను ఒప్పుకోదు. అందుకే కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు ‘ఇది మోసం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే లాభం లేదు. ‘ఈ ప్రకటన తీసుకెళ్లే యాప్‌లో గడువు 7 రోజులు. ఇది మీ ప్రకటనల విధానానికి విరుద్ధం’ అని రాయండి. మోసమా కాదా అని తేల్చడానికి వాళ్లకు విచారణ కావాలి. ఏడు అరవై కంటే తక్కువని తేల్చడానికి అక్కర్లేదు.

చిక్కెక్కడంటే, ఏడు రోజులన్న మాట ప్రకటనలో ఎక్కడా ఉండదు. అది యాప్ లోపలే కనిపిస్తుంది. కాబట్టి ప్రకటనకూ యాప్‌కూ ఉన్న లంకె చూపించాలి. ప్రకటన కనిపించగానే ఫోన్లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కండి. ‘ఈ ప్రకటన ఎందుకు కనిపిస్తోంది’ అన్న చోట ప్రకటనదారు పేరు వస్తుంది. ప్రకటన లింకు కాపీ చేసుకోండి. ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీ పూర్తి చిరునామా రికార్డింగ్‌లో కనబడాలి. అక్కడ ఆగండి. సాక్ష్యం కోసమని యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. లోపలి సంగతికి మీ తమ్ముడి పాత ఎస్సెమ్మెస్‌లు, స్క్రీన్‌షాట్లు సరిపోతాయి. అదే రోజు మెటా యాడ్ లైబ్రరీలోనో, గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లోనో ఆ ప్రకటనదారును వెతికి, ఆ పేజీ కూడా దాచుకోండి. మెటా లైబ్రరీలో ఇలాంటి వాణిజ్య ప్రకటన నడుస్తున్నన్నాళ్లే దొరుకుతుంది. తీసేశాక వెతికితే ఉండదు. వట్టి స్క్రీన్‌షాట్ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే: అందులో ప్రకటన నంబరుండదు, లింకుండదు, ఇచ్చినవాడి పేరుండదు.

ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టవద్దు. భయంతో చాలామంది చేసేది అదే. రేపు కోర్టు దాకా వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలే లేకపోతే దేనికని సర్టిఫికెట్ ఇస్తారు?

ప్రకటన చూపే కంపెనీకి 2021 ఐటీ నిబంధనల కింద ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆయనకు రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.

ఎక్కువమందికి తెలియని దారి కలెక్టర్ దగ్గరుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 17 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఫిర్యాదును జిల్లా కలెక్టర్‌కు కూడా ఇవ్వొచ్చు. సెక్షన్ 16 కింద ఆయన విచారించి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి నివేదిక పంపొచ్చు. సోమవారం తిరుపతి కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. పైన ‘సెక్షన్లు 16, 17 కింద ఫిర్యాదు’ అని రాయకపోతే అది మామూలు పోలీసు అర్జీగా మారి స్టేషన్‌కు పోవచ్చు. ఇక్కడ ఎత్తిచూపాల్సింది గడువును కాదు, ‘వడ్డీ సున్నా’, ‘50 వేలు’ అన్న అబద్ధాలను. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయించండి.

ఆ అథారిటీ ప్రకటనను ఆపమని ఆదేశించవచ్చు. సెక్షన్ 21 కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. రీల్స్‌లో ‘నేనూ తీసుకున్నా, మీరూ తీసుకోండి’ అని చెప్పే మన ఇన్‌ఫ్లుయెన్సర్లకూ ఇది వర్తిస్తుంది. వాళ్లు ఏడాది పాటు ఏ ప్రకటనలోనూ కనిపించకుండా నిషేధించవచ్చు. చెప్పేముందు నిజానిజాలు కనుక్కున్నామని రుజువు చేసుకుంటేనే వాళ్లు తప్పించుకునేది.

చూపించిన కంపెనీ సంగతి అంత సులువు కాదు. మామూలు వ్యాపారంలో భాగంగా ప్రచురించామని చెప్పుకునే అవకాశం అదే సెక్షన్ 21 ఇస్తోంది. అయితే ఆపమని అథారిటీ ఆదేశించిన సంగతి తెలిసీ చూపిస్తే ఆ వాదన చెల్లదు. ఐటీ చట్టం సెక్షన్ 79 కూడా ఇలా ఇతరులు పెట్టినవి చూపించే మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. కోర్టు లేదా ప్రభుత్వ ఆదేశం అందాకే వాళ్లకు ‘తెలిసినట్టు’ లెక్క అని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు తీసుకుని ప్రకటనలు నడిపేవాళ్లకు ఈ రక్షణ దానంతటదే దక్కదని ఢిల్లీ హైకోర్టు 2023లో ఒక ట్రేడ్‌మార్క్ కేసులో అంది. నా మటుకు ఆ తీర్పే సబబనిపిస్తుంది. కానీ దాన్నే నమ్ముకుని వినియోగదారుల కమిషన్‌లో పెద్ద కంపెనీ మీద మీరు కేసు వేయాలని మాత్రం అనను. ముందు అథారిటీ ఆదేశం రాబట్టడం మేలు.

యాప్ వెనక రిజిస్టరైన సంస్థ ఉంటే దాని గ్రీవెన్స్ అధికారికి రాసి 30 రోజులు చూసి, తర్వాత రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లండి. సంస్థ లేకపోతే అంబుడ్స్‌మన్ ఫిర్యాదును స్వీకరించకుండానే మూసేస్తారు. అప్పుడు రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో పెట్టాలి.

బెదిరింపులు వేరే నేరం. అప్పు కట్టేశారు కాబట్టి అవి మాసిపోవు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 బలవంతపు వసూలు, 351 బెదిరింపు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆ నంబరుతో స్టేషన్‌కు వెళ్లండి. ఫొటోలు అశ్లీలంగా మార్ఫ్ చేసి ఉంటే ఐటీ చట్టం 67, 67-ఏ కూడా చేర్చమని అడగండి.

చివరిగా, మీ తమ్ముడి యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ తెరిచి చూడండి. అప్పు తీరినా మ్యాండేట్ (ఖాతాలోంచి సొమ్ము దానంతటదే తీసుకునే అనుమతి) బతికే ఉంటే మళ్లీ సొమ్ము లాగవచ్చు, దాన్ని అక్కడే రద్దు చేయండి. బ్యాంకు ఖాతా మీద నేరుగా ఇచ్చిన నాచ్ మ్యాండేట్ అయితే బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా ఆపించాలి. ‘చెక్ బౌన్స్ కేసు 138 పెట్టాం, రేపు అరెస్టు’ అని మెసేజ్ వస్తే కంగారుపడొద్దు, చెక్కు ఇవ్వనివాళ్లకు ఆ సెక్షన్ వర్తించదు. మ్యాండేట్ బౌన్స్‌కు 2007 నాటి పేమెంట్ చట్టంలో సెక్షన్ 25 ఉంది గానీ, దానికీ ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి 15 రోజులు గడువివ్వాలి. పైగా చట్టప్రకారం ఇంకా తీరని బాకీ ఉండాలి. ఐదు వేలు కట్టిన రసీదు, స్టేట్‌మెంట్ జాగ్రత్త చేసుకోండి. వకీలు ఖర్చు భారమనుకుంటే 15100కు ఫోన్ చేయండి. న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కాబట్టి ప్రకటన మీద అర్జీ తమ్ముడి పేరుతో కాక మీ పేరుతో పెట్టినా చెల్లుతుంది, అది మీ ఫోన్లోనూ వస్తోంది కదా.